ఊకుంది, ఒప్పుకోలే

సిరి నన్ను నమ్మిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. చుట్టాలకు ఫొటోలు పంపాను. స్టాఫ్‌రూములో కథలు కథలుగా చెప్పాను. ఒక పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు కూడా ఫోన్ తీసి చూపించాను. ఆ ఫొటోలో నేను గుర్రం మెడ చుట్టూ చేతులు వేసి, దాని నుదుటికి నా నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంటాను. సిరి కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ కదలకపోవడమే నాకు సాక్ష్యం. ఇష్టం లేకపోతే అంత పెద్ద జంతువు, కావాలంటే నన్ను ఒక్క తోపుతో గోడకు కొట్టగల జంతువు, ఎందుకు అలా నిలబడుతుంది అని అడిగేదాన్ని. దానికి జవాబు ఉంది. నాకు అది తెలిసేసరికి ఆ ప్రాణికి జరగవలసిన అన్యాయం నా చేతులమీదుగానే జరిగిపోయింది.

సిరి పందెపు గుర్రం. జేగురు రంగు, నుదుటి మీద చుక్క, వెనక కాలొకటి గిట్ట పైనుంచి తెలుపు. రెండేళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టింది. ముందుకాలి నరం దెబ్బతిన్నాక యజమాని వదిలించుకున్నాడు. థరోబ్రెడ్ జాతి గుర్రం బాగా చూసుకుంటే పాతికేళ్ళు, ఆపైన కూడా బతుకుతుంది. పందేలలో దాని పని చాలాసార్లు అయిదారేళ్ళ వయసుకే అయిపోతుంది. మిగతా బతుకంతా ఎవరి చేతిలో పడితే వాళ్ళ దయ. సిరి హైదరాబాద్ శివార్లలో ఒక గుర్రపు స్వారీ బడిలో వచ్చి పడింది. మా అమ్మాయిని అక్కడ నేర్చుకోవడానికి తీసుకెళ్ళేదాన్ని. ఇంటర్‌లో చేరాక అమ్మాయి మానేసింది, నేను మానలేదు. నెలకింతని కట్టి సిరి బాధ్యత నా మీద వేసుకున్నాను.

గుర్రాల సంగతి నాకు తెలుసని నా నమ్మకం. మా తాత తెనాలిలో జట్కా తోలేవాడు. ఆయన గుర్రాన్ని నేను చూడలేదు, నేను పుట్టేసరికే మా వీధిలో రిక్షాలు వచ్చేశాయి. సాయంత్రం బండి విప్పాక తాత దాని కళ్ళ పక్కనున్న తోలు గంతలు తీసి, కాళ్ళు మాలీషు చేసి, ఉలవ గుగ్గిళ్ళు పెట్టేవాడని నాయనమ్మ చెప్పేది. "మీ తాత ఎదురుగా లేకపోతే అది గడ్డి ముట్టేది కాదే" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని, గుర్రంతో మాట్లాడే విద్య మా రక్తంలోనే ఉందని మనసులో ఖాయం చేసుకున్నాను. ఆయన రోజంతా దాని వెనక కూర్చుని, రాత్రి దాని పక్కన మంచం వేసుకున్న మనిషి. నేను ఆదివారం పొద్దున కారు దిగి లోపలికి వెళ్ళేదాన్ని. ఈ తేడా నాకు తట్టనే లేదు.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. మిగిలిన కాస్తలోనే దానికి చూపు ఆనని చోట్లు ఉన్నాయి: ఒకటి తోక వెనక, రెండోది సరిగ్గా నుదుటి ముందు. ఫొటో కోసం నేను దూరింది ఆ రెండో చోట్లోకే. వేటమృగాలకు దొరక్కుండా పారిపోయి బతికిన జాతి అది. చూపుకు అందని దిక్కునుంచి ఒక మొహం వచ్చి తగిలి, మెడ చుట్టూ రెండు చేతులు బిగుసుకుంటే దాని ఒంటికి ఏమనిపిస్తుందో నేను ఆలోచించలేదు. "గుడ్ గర్ల్" అంటూ మెడమీద చప్పుడయ్యేలా చరిచేదాన్ని. గుర్రాలు ఒకదాన్నొకటి ఎక్కడా అలా చరుచుకోవు.

ఆ ఫొటోలు ఇప్పటికీ పెద్దవి చేసి చూస్తుంటాను. కంటి పైన ముడత. మూతి బిగిసి గడ్డం ముడుచుకుని ఉంది. చెవులు ముందుకు లేవు, నావైపు లేవు, వెనక్కి బిర్రుగా ఉన్నాయి. నొప్పితో ఉన్న గుర్రం మొహాన్ని పోల్చుకోవడానికి యూరప్ పరిశోధకులు 2014లో ఒక కొలమానం ప్రచురించారు. చెవులు వెనక్కి బిగియడం, కళ్ళు సగం మూతపడటం, కంటి పై భాగం బిగుసుకోవడం, దవడ కండరాలు తేలడం, మూతి బిగిసి గడ్డం బయటికి కనబడటం, ముక్కుపుటాలు సాగడం, ఈ ఆరు చూడమన్నారు. ప్రేమ అని నేను పేరు పెట్టి అందరికీ పంచిన మొహంలో వీటిలో సగం కనిపిస్తున్నాయి. పంపిన ఫొటోలు వెనక్కి రావు.

అన్నిటికంటే ఘోరం తంగు దగ్గర జరిగింది. వీపు మీద జీను నిలబడేందుకు పొట్ట కిందనుంచి తిప్పి బిగించే పట్టీ తంగు. మొదట్లో నేను తంగు బిగించబోతే సిరి మెడ తిప్పి నా మోచేతిని అందుకోబోయేది. ఒకసారి పళ్ళు దిగాయి. నేర్పించే ఆయన, "ముక్కుమీద ఒక్కటి వెయ్యండి మేడం, ఇక్కడ ఎవరు పెద్దో దానికి తెలియాలి" అన్నాడు. వేశాను. గట్టిగానే వేశాను. తల పైకెత్తి, కంటి తెల్లగుడ్డు కనబడేలా, తాడు సాగినంత మేర వెనక్కి జరిగింది. మళ్ళీ బిగించాను, మళ్ళీ మెడ తిప్పింది, మళ్ళీ కొట్టాను. దానికి శిక్షణ అని పేరు పెట్టుకున్నాను గానీ చెయ్యి లేపింది నా కోపమే. మోచేయి మండుతోంది, చుట్టూ పిల్లలు చూస్తున్నారు, అదీ సంగతి. కోపంగా ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దని గ్రీకు సేనాని జెనొఫోన్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే రాసిపెట్టాడు. అది నేను చదివిన పుస్తకాల్లో ఉన్నదే.

కొన్ని వారాలకు సిరి మెడ తిప్పడం మానేసింది. ఎంత బిగించినా గోడకేసి చూస్తూ నిలబడేది. ఆరోజు బెల్లం ముక్క పెట్టి, "చూశావా చాచా, దారికొచ్చింది" అన్నాను.

చాచా అక్కడి సాయీసు. చిన్నప్పటి నుంచి గుర్రాల మధ్యే పెరిగిన మనిషి. గొరపంతో పక్క గుర్రం ఒళ్ళు తోముతున్నవాడు చెయ్యి ఆపకుండానే అన్నాడు: "ఊకుంది మేడం. ఒప్పుకోలే."

నాకు వినబడింది. అర్థం కూడా అయింది. అయినా పక్కన పెట్టేశాను. నేను పుస్తకాలు చదివాను, వీడియోలు చూశాను, డబ్బు కడుతున్నాను. అతను లద్దె ఎత్తుతాడు. నా లోపల ఆ క్షణాన కదిలిన ఆలోచన ఇదే, ఇంతకంటే మర్యాదగా చెప్పడం కుదరదు.

నా బుద్ధిలేనితనం అక్కడ కొత్తగా మొదలైంది కాదు. నేను బడిపంతులమ్మని. క్లాసు చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే పాఠం అర్థమైందనుకోవద్దని కొత్తగా చేరిన టీచర్లకు చెప్పేది నేనే. బీఎడ్‌లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగం గురించి చదివి పరీక్ష రాశాను. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావాటికి తర్వాత తప్పించుకునే దారి చూపినా లేవలేదు, అక్కడే పడుకుని భరించాయి. ఏం చేసినా ఫలితం లేదని తెలిశాక ప్రాణి చెయ్యడమే మానేస్తుంది. చూసేవాళ్ళకు అది నెమ్మదితనంలా కనబడుతుంది. మన పెళ్ళి బరాత్‌లలో డీజే పెట్టెల పక్కన, టపాసుల మధ్య గుర్రం అలా నిలబడి ఉంటే, ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోతాం. మనకు వినపడని సన్నని ధ్వనులు కూడా వినే చెవులవి. ఇదంతా తెలిసి కూడా, సిరి గోడకేసి చూస్తుంటే నేను బెల్లం ముక్క పెట్టాను.

వానలు వెనకబట్టే రోజుల్లో సిరి చిక్కిపోయింది. దాణా సగం వదిలేసేది, వెంట్రుకల నిగారింపు పోయింది. చాచా వెంటపడితే డాక్టరుగారిని పిలిపించాను. ఆయన పొట్ట తడిమి, చిగుళ్ళు చూసి, కడుపులోకి కెమెరా వేసి చూడాలన్నారు. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపాం. పొద్దున్నే మత్తు సూది ఇచ్చారు. సిరి తల నేలకు వాలిపోయింది, కింది పెదవి వేలాడుతోంది. చాచా దాని గడ్డాన్ని తన భుజం మీద మోస్తూ నిలబడ్డాడు. మూడు మీటర్ల గొట్టాన్ని ముక్కుపుటంలోంచి కొంచెం కొంచెంగా లోపలికి పంపారు.

గుర్రం కడుపు లోపల రెండు రంగులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. పై భాగం పాలిపోయిన తెలుపు, కింది భాగం తడి గులాబీ, రెంటి మధ్య మెలికలు తిరిగిన గీత. ఆమ్లానికి తట్టుకునే జిగురుపొర కింది భాగానికే ఉంటుంది. ఆ గీత పొడవునా, తెల్లటి పక్కన, పసుపు అంచులతో ఎర్రటి గుంటలు. కొన్నిటి చుట్టూ నెత్తురు ఊరుతోంది. డాక్టరుగారు గొట్టం కొస తిప్పినకొద్దీ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఆయన తెరమీద నుంచి కళ్ళు తియ్యకుండా అడిగారు: "తంగు బిగిస్తే కొరకబోతుందా?"

"మొదట్లో కొరికేది సార్. మాన్పించాను."

ఆయన ఏమీ అనలేదు. చాచా నా వైపు చూడలేదు. ఆ మాట నా నోటినుంచే వచ్చింది, కాస్త గర్వంగానే వచ్చింది. పూర్తయ్యేలోపే నాకు అర్థమైపోయింది.

తర్వాత ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చారు. గుర్రం ఒంటితో పోలిస్తే దాని కడుపు చిన్నది. రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూ తిరగడానికి తయారైన జంతువు కాబట్టి, తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. నమిలేకొద్దీ ఊరే లాలాజలమూ, కడుపులో పేరుకున్న గడ్డీ ఆ ఆమ్లానికి అడ్డు. పందెపు గుర్రాలకు గడ్డి తక్కువ, గింజ ఎక్కువ. రోజులో ఎక్కువ భాగం గదిలో ఒంటరిగా ఉంచుతారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో పరుగెత్తిస్తారు. పరుగులో పొట్ట బిగుసుకుని, కింద ఉండవలసిన ఆమ్లం పైకి చిమ్ముతుంది. పందేలలో ఉన్న గుర్రాల్లో సగానికి మించి ఈ పుండ్లతో ఉంటాయి. వాంతి చేసుకునే వీలు కూడా గుర్రానికి లేదు. మా దగ్గరికి వచ్చాక మేము చేసిందేమిటి? రెండు పూటలా దాణా, మధ్యలో ఖాళీ తొట్టి. పైగా వారం వారం ఆ పొట్ట మీద తంగు. నొప్పి అని చెప్పుకోవడానికి దానికి నోరే ఉంది. ఆ నోటి మీద కొట్టాను.

అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరాటుడి కొలువుకు వెళ్ళి తనకేం తెలుసో చెప్పుకునే ఘట్టం చిన్నప్పుడు మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. గుర్రాల స్వభావం తెలుసంటాడు, శిక్షణ తెలుసంటాడు, పొగరుబోతు గుర్రాలను మలచడం తెలుసంటాడు, వాటి రోగాలకు వైద్యమూ తెలుసంటాడు. అదంతా గొప్పలు చెప్పుకోవడంలా వినేదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉండటంలోనే విషయమంతా ఉంది. పొగరు అని నేను అనుకున్నదాన్ని రోగమేమో అని చూసే బాధ్యత కూడా నాదే అయి ఉంటే చెయ్యి లేచేది కాదు. నేను ఒకటి స్వారీ మాస్టారికి, ఒకటి సాయీసుకి, ఒకటి డాక్టరుకి పంచిపెట్టి, ముద్దులు మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను.

నెలరోజులు ఒమెప్రజోల్ పేస్టు నాలుక మీద పెట్టాం. ఎండుగడ్డి వలలో కట్టి రాత్రింబగళ్ళు అందేలా ఉంచాం. ఉలవలు బాగా తగ్గించాం. స్వారీ పూర్తిగా ఆపేశాం. పగలంతా ఒక ముసలి మగగుర్రంతో కలిపి ఆవరణలో వదిలేశాం. ఆ తర్వాత జరిగిందానికి నేను సిద్ధంగా లేను. కడుపు కుదుటపడిన సిరి నా దగ్గరికి పరుగెత్తుకొస్తుందని ఎదురుచూశాను. తలుపు దగ్గరికి వెళితే వెనక్కి తిరిగి తోక చూపించేది. మెడ మీద చెయ్యి వెయ్యబోతే పక్కకు జరిగేది. జీను గుడ్డ చూసి గిట్టతో నేల కొట్టింది. ఒకరోజు నా చేతిలోని గొరపాన్ని పళ్ళతో లాగి అవతల పారేసింది. నాకు ఏడుపొచ్చింది. చాచా మొహం మాత్రం విప్పారింది. "గిప్పుడు మాట్లాడుతుంది మేడం. ఇనుండ్రి. ఇంటెనే మల్ల మాట్లాడ్తది" అన్నాడు.

ఈసారి విన్నాను. ఒద్దంటే వచ్చేసేదాన్ని. కొన్ని ఆదివారాలు దాన్ని తాకకుండానే ఇంటికి వచ్చాను. గది బయట కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని, అది గడ్డి నమిలే చప్పుడు వింటూ. దగ్గరికి వెళ్ళాలంటే భుజం వైపునుంచి, దానికి కనబడేలా. ముందు మూసిన పిడికిలి ముక్కు దగ్గర పెట్టి ఆగాలి. అది వాసన చూసి తల తిప్పేసుకుంటే అంతే, ఇవాళ్టికి ఇక లేదు. చెవి వెనక్కి తిరిగితే చెయ్యి అక్కడే ఆగిపోవాలి. ఆగిన చెయ్యి వైపు చెవి మళ్ళీ వచ్చేదాకా కదపకూడదు. ఇదంతా చాచా దగ్గర నేర్చుకున్నదే. ఇంతకాలమూ ఆయన నా కళ్ళముందే చేస్తున్నాడు, నేను ఫోన్ చూసుకుంటున్నాను.

మూపు మీద, జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోట, గోకమన్నాడు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద 1993లో వచ్చిన పరిశోధనలో, సరిగ్గా ఆ చోట గోకితే గుండె వేగం తగ్గిందని, వేరే చోట గోకితే తగ్గలేదని తేలింది. వేళ్ళు గట్టిగా ఆనించి గోకుతుంటే మొదట ఏమీ లేదు. చాలాసేపటికి సిరి పై పెదవి కొద్దిగా సాగింది. ఇంకా సాగి, కొసన వణికింది. మెడ బారుగా చాచి, కళ్ళు సగం వాల్చి, బరువు నా చేతి మీదికి తెచ్చింది. నేను ఆపితే తల తిప్పి నా చేతి వైపు చూసింది. నా ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆ మొహం లేదు. ఇది ఫొటో తియ్యలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నా భయం దానికి తెలియదని కూడా నేను అనుకునేదాన్ని. కరుస్తుందేమోనన్న భయాన్ని నవ్వు వెనక దాచి, గొంతు తియ్యగా చేసి పక్కకు వెళ్ళేదాన్ని. స్వీడన్‌లో పరిశోధకులు 2009లో ఒక ప్రయోగం చేశారు. మనుషులు గుర్రాలను నడిపించుకుంటూనో ఎక్కో అటూ ఇటూ తిరగాలి. నాలుగోసారి వెళ్ళేటప్పుడు దారి పక్కన గొడుగు ఫట్టున తెరుస్తామని మనుషులకు మాత్రం చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతో ఉన్న గుర్రాల గుండె వేగమూ పెరిగింది. అంతకు వందేళ్ళ ముందు బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఒస్టెన్ అనే లెక్కల మాస్టారి గుర్రం హాన్స్ కూడికలు, తీసివేతలు చేసి గిట్ట కొట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగే మనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. సరైన అంకె రాగానే మనిషి తలలో కలిగే కనీకనపడని కదలికను చూసి హాన్స్ ఆగేది. దీన్ని అందరూ గుర్రానికి లెక్కలు రావన్న కథగా చెబుతారు. నాకు మాత్రం నిద్ర పట్టనివ్వనిది రెండో సగం. అంత సన్నగా మనిషిని చదవగల జంతువు ముందు, మనసులో భయం, చేతిలో బెల్లం పెట్టుకుని నేను నిలబడ్డాను. సిరికి నేను అర్థం కాకపోవడమనేది ఎప్పుడూ లేదు. అర్థం కావలసింది నాకు.

ఆ నేర్పించే ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు అలాగే నేర్పారు, పైగా కొట్టిన చెయ్యి ఆయనది కాదు. కానీ లాయంలో ఇప్పుడు తంగు బిగించే ప్రతి పిల్ల పక్కనా నిలబడుతున్నాను. ఒక్కో బెజ్జం బిగించి ఆగమని, చెవులు చూడమని, పొట్టవైపు తల తిరిగితే నాకో చాచాకో చెప్పమని వెంటపడుతున్నాను. కొందరు తల్లిదండ్రులకు ఇది విసుగ్గా ఉంది. గంటకింతని కట్టామండీ అంటారు. నేనూ అలాగే కట్టాను.

చలికాలం వచ్చాక, డాక్టరుగారు సరేనన్నాక, సిరి మీద జీను వెయ్యడం మళ్ళీ మొదలుపెట్టాం. దాని వీపుకు సరిపోని పాత జీను తీసేశాం. ఎక్కడం ఇంకా లేదు, జీనుతో పక్కన నడవడమే. బాగానే సాగుతోంది. మొన్న నేను ఫోన్‌లో మాట్లాడుతూ ఒక చేత్తో తంగు గబుక్కున లాగాను. సిరి తల తిప్పి నా చొక్కా చెయ్యి పట్టి గుంజింది. గుడ్డ చిరిగింది, చర్మానికి తగల్లేదు. తగిలించాలంటే తగిలించగలదు. ఫోన్ పెట్టేసి, తంగు విప్పి, జీను దించాను. నా తొందరకు వచ్చిన కోపమా, లోపల మళ్ళీ పుండు రేగిందా తెలియాలి కదా, డాక్టరుగారికి అప్పుడే చెప్పాను. సోమవారం మళ్ళీ కెమెరా పరీక్ష. ఆదివారం సాయంత్రం నుంచి మేత ఆపాలి. ఖాళీ తొట్టి చూసి బెంగపడుతుందని చాచా ఆ రాత్రి లాయంలోనే పడుకుంటానన్నాడు. నేనూ వస్తానన్నాను. "దుప్పటి తెచ్చుకోండ్రి, చలి మస్తుంటది" అన్నాడు.